పడమటి గోడ మీద చేపలు

స్టాన్‌హైత్,
9 మార్చి 1987

ప్రియమైన ఆంబ్రోస్,

నీ ఉత్తరమూ, మ్యూరియెల్ అల్లి పంపిన ఊలు మేజోళ్ళూ అందాయి. మేజోళ్ళు వెచ్చగా ఉన్నాయి. వాటితో కలిపి పంపిన సలహా అంత వెచ్చగా లేదు. మీ గ్యారేజీని గదిగా మార్చి నన్ను అందులో ఉంచాలన్న మీ ఇద్దరి ఆలోచనకు కృతజ్ఞురాలిని. నేను రాను.

తుంటి సంగతి అడిగావు. మెట్లు రోజుకు ఒక్కసారి దిగి ఒక్కసారి ఎక్కమని డాక్టరు తీర్పు చెప్పాడు. నది గట్టు దాకా నడక ఇక మరిచిపొమ్మన్నాడు. ముప్పై ఏళ్ళు ఆడపిల్లలకు వృక్షశాస్త్రం చెప్పినదాన్ని. ఉన్నచోటనే నిలిచి బతికే ప్రాణులంటే నాకు గౌరవమే. అయితే చెట్టుకు సైతం వెలుతురు వైపు వంగే స్వేచ్ఛ ఉంటుంది.

నా పడకగది నీకు గుర్తుందనుకుంటాను. ఉన్నది తూర్పు కిటికీ ఒక్కటే. అందులోంచి కనబడేది జెమ్ ఎబేజ్ పడవలు బాగుచేసుకునే కొట్టం, దాని రేకుల కప్పు. నది పడమట ఉంది. ఆ గోడకు కిటికీ లేదు, కిటికీ ఆకారం మాత్రం ఉంది. బయట నల్లరంగు మీద తెల్లగీతలతో అద్దాల్లా వేసిన బొమ్మ, ఆ బొమ్మకు కింది మూల నాన్న వేసిన పిల్లి. లోపల జానెడు లోతున్న గూడు. పూర్వం కిటికీలకు పన్ను వేసిన కాలంలో, ఇంటి యజమాని ఎవరో పన్ను ఎగ్గొట్టడానికి ఇటుకలతో మూసేశాడని నాన్న చెప్పేవాడు.

నాకు మాత్రం ఆ కిటికీ మూసి ఉన్నట్టు జ్ఞాపకం లేదు. పొద్దున్నే కళ్ళు విప్పితే ఆ గూట్లోంచి వెలుగు చేపల్లా గదిలోకి వచ్చేది. నీకు నాలుగైదేళ్ళుంటాయి. "అక్కా, చేపలొచ్చాయి" అని నా దుప్పటి లాగేవాడివి. నాన్న లెక్క ప్రకారం మనం పుట్టేనాటికే అది మూతపడి తరాలు గడిచి ఉండాలి. నా కళ్ళు ఆ లెక్కను ఒప్పుకోవు.

ఇప్పుడు అసలు ప్రశ్న. మిగిలిన రోజులు నేను గడపవలసింది ఆ గదిలోనే. గోడను చూస్తూ గడపడం నాకు ఇష్టం లేదు, నదిని చూస్తూ గడపాలని ఉంది. మూసిన కిటికీని తెరిపించడానికి కౌన్సిల్ అనుమతి కావాలా, అక్కరలేదా? మన ఇల్లు రక్షిత కట్టడాల జాబితాలో ఉన్నదన్న సంగతి నీకు తెలుసు. నలభై ఏళ్ళు అటువంటి కార్యాలయంలో కూర్చుని జనాన్ని నిరాశపరచినవాడివి. ఒక్క మాటలో జవాబు చెప్పు.

ఇంకా తన కాళ్ళ మీదే నిలబడి ఉన్న
నీ అక్క,
హెస్టర్


ష్రాప్‌షర్,
15 మార్చి

అక్కా,

ఒక్క మాటలో చెప్పమన్నావు. ఆ మాట "బహుశా". నా నలభై ఏళ్ళ ఉద్యోగం ఆ మాట మీదే నడిచింది.

కొంచెం పెంచి చెప్తాను. జాబితాలో ఉన్న ఇంటికి మేకు కొట్టాలన్నా అడిగి కొట్టడం క్షేమం. నిజంగా ఒకప్పుడు కిటికీ ఉండి, తర్వాత మూశారని తేలితే, తెరవడానికి ఒప్పుకోవచ్చు. కొత్తగా కన్నం పెడతానంటే ఒప్పుకోవడం కష్టం. అడక్కుండా పెట్టావో, మళ్ళీ నీ చేతే మూయిస్తారు, కోర్టు మెట్లు కూడా ఎక్కిస్తారు. దయచేసి సుత్తి పట్టుకోకు. నీ సంగతి నాకు తెలుసు.

పేరు చెప్పకుండా వాకబు చేసే దారి ఒకటుంది. మా రోజుల్లో పెద్దమనుషులు అలాగే చేసేవారు. ఒక గోడ బొమ్మ గీసి, "ఇలాంటి ఇల్లు ఒకటుందనుకోండి" అని రాసేవారు. ఎవరి ఇల్లో తెలియదు, జవాబు మాత్రం వస్తుంది.

చేపల సంగతి నాకూ గుర్తుంది కానీ, నిద్రలో విన్న పాటలా ఉంది. పట్టుకుందామంటే దొరకదు.

గ్యారేజీ గదికి మ్యూరియెల్ గోడ కాగితం చూస్తోంది. తీగల పువ్వులది బావుంటుందా, చారలది బావుంటుందా అని అడగమంది. ఊరికే అడిగానంతే.

నీ తమ్ముడు,
ఆంబ్రోస్


స్టాన్‌హైత్,
11 మే

ప్రియమైన ఆంబ్రోస్,

ఈ ఉత్తరం ఆలస్యమైనందుకు నన్ను కాదు, ఒక ద్రోహాన్ని తప్పు పట్టాలి.

ఏప్రిల్ మొదట్లో నిచ్చెన కోసం, మంచి తాపీమేస్త్రీ పేరు కోసం ఎబేజ్‌ను అడిగాను. చిన్నప్పటి నుంచి ఎరిగినవాడు. నలభై ఏళ్ళుగా వారానికి ఆరు బాతుగుడ్లు నా గేటు మీద పెట్టి, పలకరిస్తే ఇబ్బందని తల వంచుకుని వెళ్ళిపోయేవాడు. నేను చెప్పినదంతా విని, టోపీ వెనక్కి జరిపి అన్నాడు:

"టీచరమ్మ గారూ, గోడ మీ సొంతమే. కానీ దాన్ని ఊరంతా చూస్తది. ఓసారి కౌన్సిల్‌లో అడిగేస్తే పోలా?"

ఎవరినీ అడగవలసిన అగత్యం నాకింతవరకు రాలేదని చెప్పాను. ఏ కట్టడానికైనా ముందు ఆలోచన ఉంటుంది, ఆ ఆలోచన నాదని చెప్పాను. అతను నిచ్చెన తెచ్చి ఇచ్చాడు.

మూడు వారాలు తిరగకుండానే కౌన్సిల్ నుంచి మిస్ డ్రూరీ అనే ముప్పై ఏళ్ళ అధికారిణి వచ్చి తలుపు తట్టింది. నమస్కారమైనా చెప్పకముందే, పడమటి గోడ వైపు తల ఎత్తి చూసి, "ఇదేనా అండీ, పిల్లి ఉన్న ఇల్లు?" అంది. ఎవరు చెప్పారని అడిగాను. వాకబు ఒకటి వచ్చిందనీ, ఎవరు చేశారో చెప్పకూడదనీ అంది. చెప్పనక్కరలేదు. కిటికీ సంగతి ఈ ఊళ్ళో నేను నోరు విప్పి చెప్పినది ఒక్క మనిషికే.

ఆ సాయంత్రమే ఆ వారపు గుడ్లు ఆరూ తీసుకువెళ్ళి, బుట్ట మూత పెట్టి అతని గేటు మీద ఉంచి వచ్చాను. అతను పడవ కింద నుంచి చూశాడు. ఒక్క మాట అనలేదు. దోషి లక్షణం.

మిస్ డ్రూరీ మాత్రం మర్యాద తెలిసిన మనిషి. దాచుకోవడానికి ఇక ఏమీ లేదు కనుక దరఖాస్తు పెట్టమంది. పెట్టాను. పసుపుపచ్చ ప్రకటన ఒకటి తెచ్చి నా గేటుకు కట్టి వెళ్ళారు. దారిన పోయేవాళ్ళందరూ ఆగి, నా కోరికను చదువుకుని, గోడ వైపు చూసి వెళుతున్నారు. నా తోటలో మొక్కలకు పేర్ల చీటీలు కట్టినప్పుడు వాటికి ఎలా ఉండేదో ఇప్పుడు తెలిసింది.

ఈమధ్య తెల్లవారుజామున, నిద్రకూ మెలకువకూ నడుమ, ఆ గూడు తెరిచి ఉంటుంది. నది గదిలోకి వచ్చి మంచం కోళ్ళను తడుపుతుంది. పాదాలకు చల్లదనం తెలుస్తుంది. లేచి చూస్తే సున్నం గోడ. వయసువల్ల వచ్చే పిచ్చి అని నువ్వు అనుకుంటే అనుకో. ఇంత అందమైన పిచ్చి వయసులో ఉన్నప్పుడు నాకెన్నడూ పట్టలేదు.

నీ అక్క,
హెస్టర్


ష్రాప్‌షర్,
17 మే

అక్కా,

ఎబేజ్ మీద అంత కోపం పెట్టుకోకు. మంచివాడు. చిన్నప్పుడు నాకు తెడ్డు వేయడం నేర్పింది అతనే, నాకంటే ఐదేళ్ళు చిన్నవాడైనా.

నీకొక విషయం చెప్పాలి. ఇప్పుడు మ్యూరియెల్ భోజనానికి పిలుస్తోంది. వచ్చే ఉత్తరంలో చెప్తాను.

ఈసారి ఉత్తరంలో గ్యారేజీ గది వద్దని రాయలేదు నువ్వు. మ్యూరియెల్ అది చూసి మురిసిపోయి తీగల పువ్వుల కాగితం తెప్పించేసింది. సగం గోడకు అంటించాం కూడా. నువ్వు వచ్చేది ఎప్పుడో రాస్తే స్టేషన్‌కు వస్తాను.

ఆంబ్రోస్


స్టాన్‌హైత్,
2 జూలై

ఆంబ్రోస్,

ఒక వాక్యం రాయకపోవడం అంగీకారమని ఏ బడిలో నేర్చుకున్నావు? కాగితం చింపెయ్యండి. లేదా ఆ తీగల నడుమ మీరిద్దరే కూర్చోండి.

నా దరఖాస్తు తిరస్కరించారు. కారణాల కాగితం ఇంటికి వస్తుంది. అయినా నేను బస్సెక్కి కార్యాలయానికి వెళ్ళాను. చెడ్డ వార్తను ఎదురు వెళ్ళి అందుకోవడం నా అలవాటు. మిస్ డ్రూరీ ఫైలు తీసి నా ముందు పెట్టి, కుర్చీ తెచ్చి వేసింది.

మొదట ఆమె రాసిన నివేదిక చదివాను. ఆమె ఒక పూటంతా నిచ్చెన మీద నిలబడి, బొమ్మ కిటికీ అంచు వెంట రంగు గీకి, ఇటుకలు ఒక్కొక్కటీ తట్టి చూసింది. ఇల్లు కట్టిన తర్వాత మూసిన కిటికీ అయితే రెండు పక్కలా నిలువు అతుకు కనబడాలట. అతుకు లేదు. గోడ ఇటుకల వరసలు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఒక్కతీరుగా సాగిపోయాయి. పన్నూ లేదు, ఎగవేతా లేదు. గట్టు మీద నడిచేవారికి గోడ బోడిగా కనబడకూడదని, ఇల్లు కట్టిన రోజునే కిటికీ ఆకారం పెట్టారు. అక్కడ కిటికీ ఎప్పుడూ లేదు. లేనిదాన్ని తెరవడానికి అనుమతి ఇవ్వలేమన్నారు.

"మీరు చెప్పింది నిజమైతే బావుండుననుకున్నానండీ. రెండుసార్లు చూశాను" అంది ఆమె.  ఇటుకలు అబద్ధం ఆడవని నాకు తెలుసు. నేనూ ఆడను. ఈ రెండింటినీ పక్కపక్కన ఎలా పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

తర్వాత పేజీ తిప్పాను. అక్కడ ఒక బొమ్మ ఉంది. పెన్సిలుతో గీసిన గోడ, నల్లని బొమ్మ కిటికీ, దాని మూల తోక చుట్టుకు కూర్చున్న పిల్లి. కింద "ఇలాంటి ఇల్లు ఒకటుందనుకోండి" అన్న అక్షరాలు. ఆ దస్తూరీ దిద్దించింది నేనే. ఇంగ్లండు మొత్తం మీద బొమ్మ కిటికీలో పిల్లి ఉన్న ఇల్లు ఒక్కటేనని నీకు తోచలేదా? నీ బుద్ధి ఆ పిల్లి దగ్గరికి వచ్చి ఎందుకు ఆగిపోయింది?

దాని తర్వాతి కాగితం జెమ్ ఎబేజ్ రాసినది. ప్రకటన చూసి ఊరివారు ఎవరైనా అభిప్రాయం రాయవచ్చు కదా. రాసినది అతనొక్కడే. పడవల రంగు అంటిన వేలిముద్ర కూడా ఉంది. మాటలు కంఠస్థం అయిపోయాయి:

"అయ్యా, కిటికీ ఆవిడది. నది ఎవరిదీ కాదు. ఆవిడ చూసినంత మాత్రాన అరిగిపోదు. ఇయ్యండి."

తేదీ చూశాను. నేను గుడ్లు తిరిగి ఇచ్చిన వారం తర్వాత.

అప్పటి నుంచి అతని గేటు దాకా రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ తుంటి నొప్పి వచ్చి వెనుదిరిగాను.

హెస్టర్


ష్రాప్‌షర్,
9 జూలై

అక్కా,

నువ్వు తిట్టినదంతా తిన్నాను. ఇంకా ఉంటే పంపు.

పిల్లిని వదిలేసి గీద్దామనే కూర్చున్నాను. చెయ్యి ఒప్పుకోలేదు. ఆ గోడ గీస్తే పిల్లి దానంతటదే వచ్చి కూర్చుంది. నాన్న దాన్ని వేస్తున్నప్పుడు రంగు గిన్నె పట్టుకున్నది నేనే కదా. పేరు రాయలేదన్న ధైర్యంతో పోస్టు చేశాను. నీ మొండితనానికి భయపడి చేశాను. ఎవరికీ చెప్పకుండా సుత్తి తీస్తావని. మే నెలలో చెప్పాలనుకుని భోజనానికి పారిపోయాను.

దేవుడు న్యాయం తెలిసినవాడు. మొన్న మా కౌన్సిల్ మనిషి వచ్చి గ్యారేజీని గదిగా మార్చడానికి అనుమతి ఎక్కడని అడిగాడు. నలభై ఏళ్ళు అందరినీ ఆ ప్రశ్న అడిగినవాణ్ణి, నా ఇంటికి నేను అడగలేదు. మ్యూరియెల్ రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు.

చేపల సంగతి మళ్ళీ మళ్ళీ తలుచుకున్నాను. ఒక్కటి గట్టిగా గుర్తొచ్చింది. అమ్మ నన్ను భుజం మీదికి ఎత్తుకుంటే, గూట్లో ఈదుతున్న చేపను పట్టుకుందామని చెయ్యి పెట్టాను. చల్లగా గరుగ్గా తగిలింది. అద్దం కాదక్కా, సున్నం. చేపలు గోడలోంచి రాలేదు. గోడ మీద ఈదాయి. ఎక్కణ్ణుంచి వచ్చేవో తెలియదు. ఒక ఏడు రావడం మానేశాయి. నేను చెయ్యి పెట్టి బెదరగొట్టాననుకుని చాన్నాళ్ళు ఏడ్చాను. నీకు చెప్పలేదు.

నీ తమ్ముడు,
ఆంబ్రోస్


స్టాన్‌హైత్,
24 అక్టోబర్

ప్రియమైన ఆంబ్రోస్,

మూడు నెలలు రాయలేదు. "గోడ మీద ఈదాయి" అన్న నీ మాట నాకు మింగుడు పడలేదు. నీ జ్ఞాపకం నా జ్ఞాపకాన్ని తప్పని అనడం నాకు నచ్చలేదు. నువ్వు అప్పుడు ముక్కు కారే పసివాడివి.

పోయిన వారపు పెనుగాలి సంగతి పత్రికల్లో చదివే ఉంటావు. నాకు ఏమీ కాలేదు. పొగగొట్టం కొసనుండే మట్టి గొట్టం ఒకటి పోయింది, తోటలో ఆపిల్ చెట్టు పడుకుంది. ఎబేజ్ కొట్టం మాత్రం నేలమట్టమైంది. రేకులు బురదమేటల మీద పేకముక్కల్లా పడి ఉన్నాయి. పడవలు దక్కాయి.

మొన్న బుధవారం ఎండ కాసింది. పది గంటల వేళ, సముద్రపు పోటు ఎక్కి నీళ్ళు నిండుగా ఉన్నాయి. నేను తుంటికి వేడినీళ్ళ సంచి పెట్టుకుని మంచం మీదే ఉన్నాను. పుస్తకం మీద ఏదో కదిలింది. తలెత్తాను.

పడమటి గోడ మీద, గూడు నిండా, చేపలు.

ఒకదాన్నొకటి తరుముకుంటూ, సాగుతూ, విరుగుతూ, మళ్ళీ కలుసుకుంటూ. కప్పు మీదికి ఎక్కి, దిగి, మళ్ళీ గూట్లోకి. నేను మేలుకునే ఉన్నానని నిర్ధారించుకోవడానికి వేడినీళ్ళ సంచి తీసి బుగ్గకు ఆనించుకున్నాను. తర్వాత తిరిగి తూర్పు కిటికీలోంచి చూశాను. కొట్టం ఉండిన చోట ఏమీ లేదు. దాని వెనక చిన్న పాయ, పోటునీటితో నిండి, ఎండలో మెరుస్తోంది. ఆ మెరుపు నీటి మీంచి లేచి, నా తూర్పు కిటికీలోంచి గదంతా దాటి, పడమటి గోడ మీద ఆడుతోంది.

నువ్వు చెప్పినదే నిజం. ఈ మాట రాయడానికి కలం మార్చవలసి వచ్చింది.

జెమ్ తండ్రి యుద్ధం నుంచి తిరిగి వచ్చి ఆ కొట్టం కట్టిన ఏడు 1919. నాకు తొమ్మిది, నీకు ఆరు. నువ్వు ఏ చేపనూ బెదరగొట్టలేదు.

నాలుగు రోజులుగా పోటు వేళలు చూసుకుని మంచం ఎక్కుతున్నాను. ఇక నాకు కిటికీ అక్కరలేదు. కానీ నిన్న ఎబేజ్ గేటుకు పసుపుపచ్చ ప్రకటన కట్టారు. కొట్టం మళ్ళీ కడతాడట, పాత చోటే, కొంచెం పెద్దది. పాతదాన్ని ఎవరూ అడగలేదు కానీ కొత్తదానికి అనుమతి కావాలట. ఇరవయ్యొక్క రోజుల్లోగా అభ్యంతరాలు రాయవచ్చు.

నా వెలుగు మీద నాకేమైనా హక్కు ఉందా? ఈసారి బహుశా అనకు.

హెస్టర్


ష్రాప్‌షర్,
30 అక్టోబర్

అక్కా,

నీ ఉత్తరం మ్యూరియెల్‌కు చదివి వినిపించాను. సగంలో కాగితం లాక్కుని మిగతాది తనే చదువుకుంది.

నీకు హక్కు లేదు. కిటికీలోకి నేరుగా వచ్చే వెలుతురుకు చట్టం ఉంది. నీటి మీంచి ఎగిరి వచ్చేదానికి చట్టం లేదు. అయినా నువ్వు గట్టిగా రాస్తే, వయసూ తుంటీ చూసి, చలికాలం అంతా నానబెడతారు. ఈలోగా అతను పడవలన్నీ వానలో పెట్టుకోవాలి. రాయాలో మానాలో నీ ఇష్టం. నేను మాత్రం ఎవరికీ ఏమీ రాయను. బొమ్మ కూడా గీయను.

ఆంబ్రోస్


స్టాన్‌హైత్,
18 నవంబర్

ప్రియమైన ఆంబ్రోస్,

నీ జవాబు వచ్చిన రోజునే కౌన్సిల్‌కు రాశాను. మూడు వాక్యాలు. పొరుగింటావిడనైన నాకు ఎబేజ్ గారి కొట్టం మీద ఎటువంటి అభ్యంతరమూ లేదనీ, ఆయన పడవలకు నీడ కావాలనీ, త్వరగా అనుమతి ఇవ్వవలసిందనీ. పోస్టు చేసి ఇంటికి వచ్చి, తూర్పు కిటికీకి తెర వేసేశాను. 

అభ్యంతరం లేదని రాయడం సులభమే. మిగిలిన పని కష్టమైనది. ఆదివారం కర్ర తీసుకుని అతని గేటు దాటాను. తుంటి నొప్పి వచ్చింది, వెనక్కి రాలేదు. అతను పడవ మీద టార్పాలిన్ సర్దుతున్నాడు. నేను ఇంటి దగ్గరే సిద్ధం చేసుకున్న మాటలు నాలుగు వాక్యాలు ఉన్నాయి, చక్కగా కట్టినవి. మొదటిదాని దగ్గరే అవి కూలిపోయాయి. కౌన్సిల్‌కు చెప్పింది నువ్వేనని అనుకున్నాను, తప్పు నాది అని మాత్రం అనగలిగాను.

"అదా అండీ, గుడ్లు తిరిగొచ్చింది. మురిగినియ్యి పెట్టేశానేమో అనుకున్నా. సిగ్గేసి మళ్ళీ పెట్టలేదు" అన్నాడు.

తర్వాత తాడు ముడి వేస్తూ, నా వైపు చూడకుండా అడిగాడు. తూర్పు కిటికీ తెర ఎన్నడూ తీయని టీచరమ్మ, గాలి వచ్చిన దగ్గర్నుంచి పొద్దున్నే తీసేస్తోందేమని. ఈమధ్య మళ్ళీ వేసేస్తోందేమని. నలభై ఏళ్ళుగా తల వంచుకు నడిచే ఆ మనిషి కళ్ళు ఎక్కడెక్కడ ఉంటాయో నాకు తెలియదు సుమా.

చెబితే నమ్మే విషయం కాదు కనుక, పోటు వేళకు రమ్మన్నాను. డాక్టరు తప్ప మరో మగవాడు ఎక్కని మెట్లు ఎక్కి, బూట్లు గుమ్మంలో విప్పి, టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. చాలాసేపు ఏమీ రాలేదు. మబ్బు. ఇద్దరు ముసలివాళ్ళం, ఉత్త గోడ ముందు, బస్సు కోసం నిలుచున్నట్టు. నా మతి మీద అతనికి అనుమానం కలగడానికి ఆ పావుగంట చాలు.

అప్పుడు మబ్బు జరిగింది.

అతను గోడ దాకా వెళ్ళి, నువ్వు పెట్టినట్టే చెయ్యి పెట్టాడు. చేపలు అతని వేళ్ళ మీద, రంగు మరకల మీద ఈదాయి.

"మా నాన్న వీటి మీదే కట్టాడన్నమాట."

తెలియక కట్టాడన్నాను.

"నాకు తెలిసిపోయింది గదండీ."

 కొట్టం జరపమని నేను అడగలేదు. అడగనని నాకు నేను మాట ఇచ్చుకున్నాను, మాట తప్పలేదు. మర్నాడు పొద్దున చూస్తే, కొత్త కొట్టం కోసం పాత చోట పాతిన గుంజలు లేవు. పాయకు ఉత్తరంగా, ఇరవై అడుగుల అవతల, కొత్తగా గుంజలు పాతి తాడు కట్టాడు. మధ్యాహ్నానికి కౌన్సిల్ నుంచి వచ్చే బస్సు దిగి నేరుగా నా గేటు దగ్గరికి వచ్చాడు.

"చోటు మారిస్తే మళ్ళీ పర్మిషన్ కావాలేమోనని అడిగేసొచ్చానండీ. బొమ్మ మళ్ళీ గీసిమ్మన్నారంతే. అడిగేస్తే పోయింది."

అడగడంలో ఏమీ పోదని, డెబ్బై ఏడేళ్ళ వయసులో, నాకంటే చిన్నవాడి దగ్గర నేర్చుకున్నాను. అతని బొమ్మ నేనే గీసి ఇచ్చాను. పిల్లి లేదు. ఇవాళ గేటు మీద ఆరు గుడ్లు ఉన్నాయి.

కాబట్టి నేను ఎక్కడికీ రాను. గ్యారేజీ గదికి అనుమతి వస్తే మ్యూరియెల్‌ను తీగల మధ్య కూర్చుని హాయిగా చదువుకోమను. నువ్వే రా. పంచాంగం చూశాను. డిసెంబర్ మొదటి వారంలో పొద్దుటి పోటు ఉంది, ఆకాశం దయ చూపాలి. నీ పాత చిన్న మంచం నా గదిలోనే వేయించాను. నీకు ముందుగా మెలకువ వస్తుందేమో అన్న భయం లేదు. ఈ వయసులో నాకు నిద్ర తక్కువ.

ఈసారి నీ దుప్పటి నేను లాగుతాను.

నీ అక్క,
హెస్టర్